చెరువు చూడ్డానికి జర్మనీ దాకానా?

"చెరువు చూడనీకె గింత దూరం తోల్కొచ్చినవా బిడ్డా?" అంది మా అమ్మ, కారు దిగుతూనే.

ఆమె అడగడంలో తప్పేం లేదు. మూడు నెలల వీసా మీద జర్మనీలో నేనుండే ఎర్లాంగెన్‌కి వచ్చింది. వచ్చిన వారంలోపే ఇక్కడి మనవాళ్ళందరి దగ్గర్నుంచీ ఫోన్లు: ఆంటీని స్విట్జర్లాండ్ తీసుకెళ్ళారా, ప్యారిస్ అయిందా, పోనీ ఇక్కడి టిటిసే సరస్సయినా చూపించారా అని. నేను మాత్రం ఆ లిస్టులో ఎక్కడా లేని చోటికి, మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న మోర్‌హోఫ్ అనే నాలుగిళ్ళ పల్లె పక్కకి తీసుకెళ్ళాను. అక్కడ మంచుకొండ లేదు, పడవ షికారు లేదు, టికెట్ కౌంటరు లేదు. కట్టకి ఇటో చెరువు, అటో చెరువు, దాని వెనక ఇంకోటి. అంతే.

అమ్మ చేతులు వెనక్కి కట్టుకుని కట్ట మీద కాసేపు నిలబడింది. నీళ్ళకేసి కాదు, కట్ట పొడుగునా చూసింది. తర్వాత ఇంకో ప్రశ్న వేసింది.

"తూమేది?"

ఆరేళ్ళుగా ఆ చెరువుల చుట్టూ సైకిలేసుకుని తిరుగుతున్నాను. పొద్దున పొగమంచు ఫొటోలు, సాయంత్రం కొంగల ఫొటోలు, ఫోన్ నిండా అవే. తూమెక్కడుందో ఒక్కసారీ చూడలేదు. మాది వరంగల్ పక్క ఊరు. మా రెండెకరాలూ ఆయకట్టు చివరి మడులు. చివరి మడి వాళ్ళకి చెరువంటే నీళ్ళు కాదు, తూము. అది ఎప్పుడు ఎత్తారు, ఎంత ఎత్తారు, నీళ్ళు పంచే నీరటి మనవైపు ఎప్పుడు తిప్పుతాడు అన్నదే వాళ్ళ లోకం. అమ్మ ఇరవై ఏళ్ళు ఆ కళ్ళతోనే చెరువుని చూసింది. నేను ఆ పొలం డబ్బుతో చదువుకుని, చెరువుని సీనరీగా చూడ్డం నేర్చుకున్నాను. ఈ వ్యాసంలో నా గొడవంతా దాని మీదే.

ముందు ఊరి సంగతి చెప్పాలి. జర్మనీలో బవేరియా రాష్ట్రం ఉత్తర భాగంలో ఫ్రాంకెన్ అనే ప్రాంతం. అందులో ఐష్ అని ఓ చిన్న నది, నయ్‌స్టాట్, హ్యోష్‌టాట్ ఊళ్ళ మీదుగా మెలికలు తిరిగి రెగ్నిట్స్ నదిలో కలుస్తుంది. ఆ నది పల్లాన్నీ చుట్టుపక్కలనూ కలిపి ఐష్‌గ్రుండ్ అంటారు. అక్కడ 7000కి పైగా చెరువులున్నాయి. చెరువు అంటున్నానే గానీ చాలావాటిని మన ఊళ్ళో అయితే కుంట అంటాం. కొన్నిటికి ఆ మర్యాద కూడా ఎక్కువే, గుంట అనాలి. వీళ్ళు అన్నిటినీ వైయర్ అనే అంటారు. ఆ మాట లాటిన్ వివారియం నుంచి వచ్చింది; ప్రాణమున్నవాటిని ఉంచి పెంచే చోటు అని అర్థం. అంటే పేరులోనే ఉంది, ఇది దేవుడు పెట్టిన సరస్సు కాదు, మనిషి కట్టిన చేపల దొడ్డి.

ఒక్కటి కూడా సహజమైనది కాదు. నేల జిగట బంకమట్టి, పంటకి అంతంతమాత్రం, నీళ్ళు మాత్రం ఇంకనివ్వదు. మధ్యయుగంలో మఠాల వాళ్ళు, బిషప్పులు, జమీందార్లు దాన్ని కనిపెట్టి కట్టలు పోయించారు. క్రైస్తవుల ఉపవాస దినాల్లో మాంసం కూడదు, చేప తినొచ్చు. ఆ దినాలు ఏడాదిలో తక్కువేం కాదు. కడుపు అడిగితే చెరువు పుట్టింది. మా ఎర్లాంగెన్ శివారు డెక్సెన్‌డోర్ఫ్‌లో వేసవిలో పిల్లలు ఈత కొట్టే పెద్ద చెరువుని ఇప్పటికీ బిషప్ చెరువనే అంటారు. 1803 ప్రాంతంలో మఠాల ఆస్తులు సర్కారు స్వాధీనమయ్యాయి, ఆ తర్వాత చెరువులు మెల్లగా రైతుల చేతికొచ్చాయి. ఇప్పుడు వాటి యజమానుల్లో చాలామంది పగలు ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో పనిచేసి, సాయంత్రం చెరువు దగ్గరికెళ్ళే మామూలు కుటుంబాల వాళ్ళు.

అమ్మ అడిగిన తూముకి వస్తాను. వెతికితే కట్టకి రెండు మీటర్ల దూరంలో, నీళ్ళలో నిలువుగా నిలబడ్డ ఓ సిమెంటు పెట్టె కనబడింది. పైన చెక్క మూత. దాన్ని ఇక్కడ మ్యోన్ష్ అంటారు, అంటే సన్యాసి. నీళ్ళ మధ్య ముసుగేసుకుని కదలకుండా నిలబడి ఉంటాడు కదా, పేరు బాగానే కుదిరింది. ఆ పెట్టెలో గాడులుంటాయి. గాడుల్లో ఒకదాని మీద ఒకటి చెక్కపలకలు దింపుతారు. ఎన్ని పలకలుంటే చెరువులో అంత ఎత్తు నీళ్ళు. పై పలక తీస్తే ఆ మేరకి నీళ్ళు పొర్లి, కట్ట కింద గొట్టంలోంచి బయటికి పోతాయి. మనకి తూము వేరు, నిండితే నీళ్ళు పొర్లిపోయే మత్తడి వేరు. వీళ్ళ సన్యాసి రెండు పనులూ ఒక్కడే చేస్తాడు.

నేను ఫోన్లో చూసి ఇదంతా చెబుతుంటే అమ్మ సగం వింటోంది. గొట్టం బయట ఎక్కడ తేలుతుందో చూడ్డానికి కట్ట దిగి అవతలికి నడిచింది. నీళ్ళు సన్నటి కాలువలో పడి కింది చెరువులోకి పోతున్నాయి. "గిది నిండితెనే గది నిండుతది. గొలుసుకట్టు," అంది. ఇక్కడి వాళ్ళు కూడా దాన్ని వైయర్‌కెట్టె అంటారు, కెట్టె అంటే గొలుసే. కాకతీయుల ఇంజినీర్లకీ ఫ్రాంకెన్ సన్యాసులకీ ఉత్తరాలు నడవలేదు. వాలు నేల, అరుదైన నీరు, కింద ఇంకొకడు ఉన్నాడనే ఎరుక. ఈ మూడూ ఉన్నచోట మనిషికి తట్టేది అదే ఉపాయం.

అరుదైన నీరు అన్నాను. జర్మనీలో అరుదేమిటి అనుకోవద్దు. ఈ చెరువుల్లో చాలావాటికి వాగు గానీ ఊట గానీ లేదు. పైన పడ్డ వాన, కరిగిన మంచు, అంతే. వాటిని హిమ్మెల్స్‌వైయర్ అంటారు, ఆకాశం చెరువులు. మన భాషలో వానాధారం. 2018, 2022 ఎండాకాలాలు ఇక్కడి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆకాశం చూసి బతికే రైతు ఆడీ కారులో తిరిగే దేశంలో కూడా ఉన్నాడని నాకు ఈ చెరువుల దగ్గరే తెలిసింది.

ఇక అసలు విషయం. ఈ చెరువుల్ని చూడాల్సింది నీళ్ళున్నప్పుడు కాదు. ఖాళీ చేసినప్పుడు.

అమ్మ ఉండగానే, అక్టోబరు చివరి శనివారం, మా టీంలో పనిచేసే ఒకావిడ వాళ్ళ మామగారి చెరువు దగ్గర అబ్‌ఫిషెన్ ఉందని పిలిచింది. చెరువు దించి చేపలు పట్టే రోజు. మేం వెళ్ళేసరికి ఏడు. గడ్డి మీద నూగు మంచు. సన్యాసి పలకలు నాలుగైదు రోజులుగా ఒక్కోటీ తీస్తూ వచ్చారట, చెరువు మొత్తం నల్లటి బురద, నడుమ కొడవలి వంపులో ఒక్క సన్నటి కాలువ. నీళ్ళన్నీ తూము ముందర తవ్వి ఉంచిన గుంతలోకి చేరాయి, చేపలూ అక్కడికే చేరాయి. గుంతలో నీళ్ళు ఉడుకుతున్నట్టున్నాయి. వందల వీపులు ఒకదాని మీదొకటి, బంగారు రంగు, ఇత్తడి రంగు. మీద పొలుసు దాదాపు లేదు, వీపు వెంట నాలుగు పెద్ద బిళ్ళలు మాత్రం అద్దాల్లా మెరుస్తున్నాయి.

"బంగారుతీగ గదే!" అంది అమ్మ.

అదే. మన చెరువుల్లో బొచ్చె, రోహుల పక్కన పెరిగే బంగారుతీగకి ఇది అన్నదమ్ముల బిడ్డ. 1939లో జర్మన్ రకం సిలోన్ మీదుగా నీలగిరికి వచ్చింది గానీ చల్లనీళ్ళ చేప కాబట్టి కొండ దిగలేదు. మన మైదానాల్లో పాతుకుపోయింది 1957లో బ్యాంకాక్ నుంచి తెచ్చిన రకం. ఈ ముక్క నేను తర్వాత చదివి తెలుసుకున్నది. అప్పటికి మాత్రం అమ్మకి పరాయి దేశంలో చుట్టం కనబడ్డట్టయింది, ఎవరూ పిలవకుండానే తొట్టి దగ్గరికెళ్ళి నిలబడింది.

చంకల దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు వేసుకుని ఆరుగురు వలతో దిగారు. నాకూ ఒకటిచ్చారు. మూడో అడుక్కి కుడికాలు మోకాలి దాకా దిగబడిపోయింది. లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. బురద వాసన... అది మాత్రం అచ్చం మా ఊరిదే. ఎండాకాలం చెరువెండినప్పుడు ఊరంతా దిగి కొట్టుకునేటప్పటి వాసన. బల్ల మీద చేపల్ని పోసి చేత్తోనే ఏరుతున్నారు: మూడు వేసవులు దాటినవి అమ్మకానికి, రెండేళ్ళవి చలికాలం లోతు చెరువుకి, పొరపాటున దూరిన వేరే చేపలు బకెట్టులోకి. ఆ మామగారు, పెద్దాయన, ఒక్కో చేపని అరచేతిలో ఒక్క క్షణం తూచినట్టు పట్టుకుని అటో ఇటో వేస్తున్నాడు. తక్కెడ పక్కనే ఉంది, దాన్నెవరూ పట్టించుకోవడం లేదు. పదకొండింటికల్లా అయిపోయింది. సాసేజీలు కాల్చారు, అమ్మకి టీ ఇచ్చారు, అందులో ఏదో కలపబోతే నేను ఆపాను.

మళ్ళీ ఎప్పుడు నింపుతారు అని అడిగాను. చలికాలమంతా ఎండబెడతానన్నాడు. బురద గాలి పీల్చాలి, గడ్డకట్టి పగలాలి, సున్నం చల్లాలి. అప్పుడే వచ్చే ఏడు నీళ్ళు బాగుంటాయట. ఖాళీ చేయకుండా వదిలేస్తే ఏమవుతుందన్నాను. ఆయన మాటతో కాదు, చేత్తో జవాబిచ్చాడు. పక్క చెరువు చూపించాడు. సగం రెల్లు. మిగిలిన సగంలో విల్లో మొక్కలు. వారసులు పట్టణానికెళ్ళిపోయారట. పదేళ్ళు పట్టింది, అంతే.

నా వాదన ఇదీ. చెరువు బతకాలంటే ఏటా దాన్ని ఖాళీ చేయాల్సిన అవసరం ఒకడికి ఉండాలి. నింపడం వాన చేస్తుంది. ఖాళీ చేయడానికి మనిషి కావాలి. ఖాళీ చేసేవాడే తూము చూసుకుంటాడు, కట్టకి పడ్డ ఎలుక బొరియ చూసుకుంటాడు, పూడిక ఎంత పేరుకుందో కాలితో కొలుస్తాడు.

దీన్ని మన వైపు తిప్పి చూస్తే నాకు కోపం వస్తుంది. హైదరాబాద్‌లో చెరువు సుందరీకరణ అంటే ఏమిటి? చుట్టూ టైల్స్ బాట, రంగు లైట్లు, ఐ లవ్ అనే బోర్డు, మధ్యలో ఫౌంటెన్. తూము ఎక్కడని అడిగితే చెప్పేవాడుండడు. దిగువన కాలువ ఉండాల్సిన చోట అపార్టుమెంటు గేటు ఉంటుంది. 2020 అక్టోబరు వానకి నగరంలో చెరువుల కట్టలు తెగి కాలనీలు మునిగినప్పుడు మా చిన్నమ్మ వాళ్ళు రెండు రాత్రులు మేడ మీద గడిపారు. నిండిన చెరువు నీళ్ళు వదలడానికి దారి లేకపోతే, కట్టే దారి అవుతుంది. ఊళ్ళల్లో కొంత నయం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మా ఊరి చెరువులో పూడిక తీశారు, ఒండ్రుమట్టి ట్రాక్టర్లతో పొలాలకి తోలుకున్నారు, తూము కొత్తది పెట్టారు. కానీ నీరటి ఇప్పుడు లేడు. అందరికీ బోర్లున్నాయి, తూము కోసం ఎదురుచూసే చివరి మడి వాడు లేడు. కొత్త తూము షట్టరు నేను పోయినసారి వెళ్ళినప్పుడు తుప్పు పట్టి ఉంది.

అలాగని పని జరిగితే చాలు, చెరువు బాగుంటుందని కాదు. కొల్లేరు గురించి తెలిసినవాళ్ళు నా మాటకి నవ్వుతారు. అక్కడ పనికేం కొదవ? 1999లో అభయారణ్యం, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సార్ జాబితా, అయినా 2006లో సర్కారే ప్రొక్లెయిన్లతో చేపల చెరువుల గట్లు పగలగొట్టాల్సి వచ్చింది. అక్కడ ఉన్న సరస్సుని ముక్కలు చేసి చెరువులు చేశారు. ఇక్కడ ఏమీ లేని నేల మీద చెరువులు కట్టారు. తేడా అక్కడే మొదలవుతుంది. రెండో తేడా ఆశ. ఇక్కడ చేప చెరువులో పుట్టే పురుగునీ నాచునీ తిని, పైన కాస్త గోధుమలో రై గింజలో తిని, మూడు వేసవులు తీసుకుని కిలోన్నర అవుతుంది. చలికాలం అసలు తినదు. తొందరపెట్టేవాడు ఈ వ్యాపారంలోకి రాడు.

అలా నెమ్మదిగా నడిచే చెరువుల్లోనే పక్షులకి చోటు మిగిలింది. మోర్‌హోఫ్ చెరువులు పక్షుల రక్షిత ప్రాంతం. ఏప్రిల్లో వెళితే తీతువు కనిపిస్తుంది, నెత్తిన కుచ్చు ఉన్న ఇక్కడి రకం. మన ఊళ్ళో తీతువు కూస్తే చావు కబురని దడుస్తాం. ఇక్కడ అది కూయకపోతేనే దడుస్తున్నారు, అంత తగ్గిపోయింది. 2024లో దేశం మొత్తానికీ ఆ ఏడాది పక్షిగా దాన్నే ఎన్నుకున్నారు. నది ఎగువన ఊల్‌ఫెల్డ్ అనే ఊళ్ళో ఇంటి కప్పుల మీద కొంగలు గూళ్ళు కడతాయి. వాటికి ఆహారం ఈ తడి పచ్చికల్లోనూ చెరువు గట్లలోనూ దొరికేదే.

ఇక్కడ జర్మన్లతో కూడా నాకో పేచీ ఉంది. ఆదివారం నగరం నుంచి వచ్చి, ఎంత అందమైన ప్రకృతి అని మురిసి, నీటికాకి చేపని మింగుతుంటే వీడియో తీసుకుని వెళ్ళిపోతారు. ఆ చేప ఒకరి రెండేళ్ళ పని అని తట్టదు. నీటికాకి, బీవరు, నీటికుక్క... అన్నిటికీ చట్టం రక్షణ ఉంది, ఉండాలి కూడా. ఒక్క చెరువు రైతుకే లేదు. బీవరు కట్టలో బొరియ తవ్వితే రాత్రి టార్చిలైటు పట్టుకుని తిరగాల్సింది ఆయనే. మరి ఆ మురిసినవాళ్ళు తిరుగుప్రయాణంలో ఏం తింటారు? పిజ్జా. కుర్రవాళ్ళకి కార్ప్, అంటే ఈ బంగారుతీగ, పేరు చెబితే ముళ్ళ చేప, బురద వాసన, తాతయ్యల తిండి. ఐష్‌గ్రుండ్ కార్ప్ పేరుకి 2012లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు మంచిదే. తినేవాళ్ళుంటే ఇంకా మంచిది.

కాబట్టి వెళ్ళేవాళ్ళకి నా సలహా: ముందు తినండి. ఇక్కడ ఓ నియమం ఉంది, నెల పేరులో 'ర' ఉంటేనే కార్ప్. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా. విచిత్రంగా ఇది ఇంగ్లీషు నెలల పేర్లని తెలుగులో రాసినా సరిపోతుంది, మే, జూన్, జులై, ఆగస్టు అని చెప్పి చూసుకోండి. పల్లె హోటల్లో అడిగితే చేపని నిలువునా రెండు చేసి, సగాన్ని పిండిలో దొర్లించి, మునిగేంత నూనెలో వేయించి తెస్తారు. అది వంపు తిరిగి ప్లేటు అంచులు దాటి ఉంటుంది. పక్కన బంగాళాదుంప సలాడ్. అమ్మ ముందు ముట్టలేదు. తర్వాత తోక దగ్గర కరకరలాడే రెక్క విరిచి నోట్లో వేసుకుంది. తర్వాత నా ప్లేట్లో రెక్క కూడా తీసుకుంది. "ఉప్పు తప్ప ఏం ఎయ్యలే. అయినా మంచిగనె ఉన్నది," అంది. మా అమ్మ నోట అది పెద్ద సర్టిఫికెట్టే. మట్టి వాసన లేదు. అమ్మేముందు కొన్నాళ్ళు చేపని మంచినీళ్ళ తొట్టిలో ఉంచుతారు. లోపలి చేప గుడ్లనీ, మగచేప పాలనీ వేయించి విడిగా తెస్తారు, దాన్ని ఇంగ్రైష్ అంటారు, సిగ్గుపడకుండా అడగండి.

మిగతా సలహాలు చిన్నవే. సైకిలు మేలు, డెక్సెన్‌డోర్ఫ్, ర్యోటెన్‌బాఖ్ మీదుగా మోర్‌హోఫ్ దాటి హ్యోష్‌టాట్ చేరొచ్చు, దారంతా పెద్ద ఎత్తుపల్లాలు లేవు. ఈతకి డెక్సెన్‌డోర్ఫ్ లాంటి చోట్లున్నాయి, చేపల చెరువుల్లో దిగకండి, అవి ఒకరి పొలాలు. బతుకమ్మని వదలడానికీ అవి కుదరవు. మా గుంపు ఆడవాళ్ళం ఆ ఏడు కూడా పార్కింగ్ స్థలంలో ప్లాస్టిక్ టబ్బులోనే వదిలాం, చుట్టూ 7000 చెరువులు పెట్టుకుని. నయ్‌స్టాట్ పాత కోటలో కార్ప్ చేపకి ఓ మ్యూజియం ఉంది, వాన పడితే అది చూడొచ్చు. పడకపోతే కట్ట మీదే ఉండండి.

అమ్మ డిసెంబరులో వెళ్ళిపోయింది. మార్చిలో నేను ఆ పెద్దాయన చెరువు వైపు వెళ్ళి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. సగం నిండిన చెరువు, అవతల బర్చ్ చెట్లు, మబ్బు. బాగా వచ్చిందనిపించింది. చిన్నమ్మ దండం బొమ్మ పెట్టింది, తమ్ముడు లైక్ కొట్టాడు. గంట తర్వాత అమ్మ ఫోన్ చేసింది.

"ఎనుక పై చెరువు ఉన్నది సూడు, దాని తూముకి పలకలు ఎయ్యలేదేందే? గిది నిండేదెట్ల మరి?"

ఫొటో పెద్దది చేసి చూశాను. నిజమే. చెట్ల సందున పై చెరువు సన్యాసి బురదలో ఒక్కడే నిలబడి ఉన్నాడు, మూత పక్కకి జరిగి ఉంది. ఆ చెరువు ఎవరిదో నాకు తెలియదు. శనివారం వెళ్ళి పెద్దాయన్ని అడగాలి.